మా బండి కడచీల

ఈ ఏడు సైన్సు క్లాసులో ఘర్షణ పాఠం చెప్పేటప్పుడు మా టీచరు ఒక ప్రశ్న అడిగారు. "ఘర్షణ మనకు మిత్రుడా, శత్రువా?" అందరూ పుస్తకంలో ఉన్నట్టే చెప్పారు. నడవడానికి ఘర్షణ కావాలి, యంత్రాలకు వద్దు అని. నేను లేచి మా ట్రెయిలరు సంగతి మొదలుపెట్టాను. బెల్లు కొట్టినా నా మాట ముగియలేదు. "మిగతాది రాసి మన పత్రికకు ఇవ్వు" అన్నారు టీచరు. అందుకే రాస్తున్నాను. ఇందులో ఆ రోజు క్లాసులో చెప్పని భాగం కూడా ఉంది. అందరి ముందు అది చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

మాది హోసూరు పక్కన ఒక పల్లె. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో తమిళం, సంతలో కన్నడం. నాయనకు ఒక పాత ట్రాక్టరు, దాని వెనక రెండు చక్రాల ట్రెయిలరు ఉన్నాయి. వానలు పడితే దున్నకం, పంట వస్తే రాగులు, టమోటాలు తోలడం. ఎండలు మొదలైతే మాకు జాతరల కాలం. ట్రెయిలరు మీద ఇనుప పైపులు నిలబెట్టి, పైన రేకు వేసి, పక్కల టార్పాలిన్ కడతాము. లోపల ఒక బల్ల, గ్యాసు పొయ్యి, బాండలి, సామాన్ల పెట్టె, చాపలు. పగలు అది మా అంగడి, రాత్రి మా ఇల్లు. అవ్వ వేసే బోండాలు, మసాలా వడలు తినడానికే కొందరు మా బండి వెతుక్కుంటూ వస్తారు. మార్చి ప్రాంతంలో హోసూరు చంద్రచూడేశ్వరస్వామి తేరుతో మొదలుపెట్టి, మే నెలలో కుప్పం గంగమ్మ జాతర దాకా తిరుగుతాము.

ఇట్లా బండిలోనే కాపురం ఉండి ఊర్లు తిరిగేవాళ్ళు మేమే అనుకొనేవాణ్ణి. మా కంప్యూటరు సారు ఒకసారి అమెరికా బండ్ల ఫోటోలు చూపించారు. అక్కడ కారు వెనక తగిలించుకొని లాక్కుపోయే ఇళ్ళు ఉంటాయంట. వాటిని ట్రావెల్ ట్రెయిలర్లు అంటారు. లోపల మంచం, వంటగది, స్నానాల గది అన్నీ ఉంటాయి. నేను మాత్రం ఫోటోలో కిందికి చూశాను. చాలా బండ్లకు మా బండికి ఉన్నట్టే ఇరుసు, దానిమీద కమాన్ పట్టీలు! పెద్ద బండ్లకు రెండు ఇరుసులు పెట్టి, ఒకదాని బరువు రెండోది పంచుకొనేలా మధ్యలో ఒక ఇనుప తూగుడు ముక్క పెడతారు. ఇంకొన్నింటికి కమాన్లే ఉండవు. చదరపు గొట్టంలో రబ్బరు దూర్చి, ఆ రబ్బరు మెలితిరగడంతోనే కుదుపు తగ్గేలా చేస్తారు. ఎంత డబ్బున్నవాళ్ళ బండి అయినా, కింద ఉండేది ఇరుసూ చక్రమే.

మా బండి కింద ఏముంటుందో ముందు చెప్తాను. లేకపోతే జరిగింది మీకు అర్థం కాదు. అడ్డంగా ఒక లావు ఇరుసు. దాని రెండు కొసల్లో చక్రాల హబ్బులు. ఒక్కో హబ్బులో లోపలొకటి, బయటొకటి రెండు బేరింగులు. వాటిని పట్టి ఉంచడానికి ఇరుసు కొసలో ఒక నట్టు. ఆ నట్టుకు కిరీటం మాదిరి గాడ్లు ఉంటాయి. ఇరుసు కొసలో ఉన్న రంధ్రానికి సరిగా గాడి వచ్చేలా నట్టు తిప్పి, అందులో స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళు చెరొక పక్కకు వంచాలి. అప్పుడు నట్టు తిరగదు. మీద ఒక ఇనుప మూత కొట్టేస్తారు. మూత వేశాక లోపల పిన్ను ఉందో లేదో ఎవరికీ కనబడదు.

ఈ పిన్నును మా తాత కడచీల అంటాడు. ఆయన కాలంలో ట్రాక్టరు లేదు, ఎద్దుల బండి. చక్రం జారిపోకుండా ఇరుసు చివర కొట్టేది కడచీల. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి కందెన చేసేవారంట. దాన్ని వెదురు గొట్టంలో పోసి బండి కిందే వేలాడదీసుకొని పొయ్యేవారంట. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని తాత ఎప్పుడూ అనే సామెత. ఎక్కువ మాట్లాడేవాళ్ళను చూసి అంటాడనుకొనేవాణ్ణి. అది నిజంగా బండి గురించేనని పోయిన మే నెలలో తెలిసింది.

కుప్పం జాతరకు పోవడానికి ముందు రోజు నాయన రెండు చక్రాలూ విప్పి, బేరింగులు కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీసు పెట్టినాడు. కుడి చక్రం ఆయనే బిగించినాడు. ఎడమ చక్రం నట్టు బిగించేటప్పుడు ఫోను వచ్చింది. టమోటా బాకీ డబ్బులు ఇస్తాను రమ్మని ఎవరో పిలిచినారు. "నట్టు సరిగ్గానే ఉండాది. ఆ చీల దూర్చి, వంచి, మూత కొట్టేయి" అని చెప్పి బండి మీద పొయ్యినాడు.

కాగితం పొట్లంలో ఒకే చీల మిగిలి ఉంది. నా చేతికంతా గ్రీసు. తీసేటప్పుడు అది జారి పడింది. అక్కడంతా వరిగడ్డి. పది నిమిషాలు వెతికాను, దొరకలేదు. పాత చీల వంకర తీయబోతే పుటుక్కున విరిగింది. అంగడి 3 కిలోమీటర్ల దూరం. అవతల చెరువు గట్టు మీద మావాళ్ళు క్రికెట్టుకు పిలుస్తున్నారు. పక్కనే పందిరి కట్టే కట్టు కంబి చుట్ట ఉంది. ఒక ముక్క తుంచి, రెండు పేటలు వేసి, రంధ్రంలో దూర్చి, కొసలు మెలితిప్పి, మూత కొట్టేశాను.

సాయంత్రం నాయన అడిగినాడు.

"చీల వంచినావా?"

"వంచినాను నాయనా."

నేను అబద్ధం చెప్పలేదు అనుకొన్నాను. కంబినైనా వంచాను కదా!

మరుసటి రోజు తెల్లవారక ముందే బయలుదేరాము. నాయన ట్రాక్టరు తోలుతున్నాడు. నేను పక్కన మడ్‌గార్డు మీద కూర్చొన్నాను. అమ్మ, అవ్వ, ఏడేళ్ళ చెల్లెలు వెనక ట్రెయిలరులో. ట్రెయిలరులో మనుషులు ఎక్కకూడదని రూలు. మాకు తెలుసు. అయినా బస్సు ఖర్చు మిగులుతుందని ఎక్కేవాళ్ళము. హోసూరు నుంచి కృష్ణగిరి సుమారు 50 కిలోమీటర్లు. అంత దూరం పెద్ద రోడ్డు మీద ఏమీ కాలేదు. హోసూరులో తయారైన కొత్త లారీలు మమ్మల్ని దాటుకొని పోతుంటే లెక్క పెట్టుకుంటూ కూర్చొన్నాను. కృష్ణగిరి దాటి కుప్పం రోడ్డుకు తిరిగాక, ఒకచోట నాయన వేగం తగ్గించినప్పుడు చెల్లెలు వెనక నుంచి అరిచింది.

"అన్నా, చక్రం పాట పాడతా ఉండాది!"

నాకు కడుపులో చల్లగా అయింది. ట్రాక్టరు శబ్దంలో నాయనకు అది వినబడలేదు. "ఏమంటాది?" అని నన్ను అడిగినాడు. "ఏమీ లేదు, పాట పాడుతోంది" అన్నాను. ఆపమని చెప్పలేదు. చెప్తే మూత విప్పుతాడు. విప్పితే కంబి కనబడుతుంది. ఇంకొంచెం దూరమే కదా, కుప్పం చేరితే నేనే రహస్యంగా సరిచేస్తాను అనుకొన్నాను. అట్లా ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయినాము. నా జీవితంలో అంత పొడుగు దారి నేను చూడలేదు.

మమ్మల్ని కాపాడింది నాయన అలవాటు. ఎక్కడ టీకి ఆపినా, దిగీ దిగంగానే రెండు హబ్బుల మీదా అరచెయ్యి వెనక పక్క ఆనించి చూస్తాడు. రెండూ ఒకే మాదిరి గోరువెచ్చగా ఉంటే మంచిది. ఆ రోజు చింతచెట్టు కింద బండి ఆపి కుడి పక్క చూసినాడు, సరే అన్నాడు. ఎడమ పక్క చెయ్యి పెట్టబోయి వెంటనే లాక్కున్నాడు. మూత చుట్టూ గ్రీసు కరిగి నల్లగా కారుతోంది. జాకీ పెట్టి ఎత్తి, చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపినాడు. పన్ను ఊగినట్టు ఊగింది. మూత విప్పినాడు. నట్టు చాలా దూరం వెనక్కి వచ్చేసి ఉంది. కంబి ముక్కలు ముక్కలై గ్రీసులో కలిసిపోయి ఉంది.

నాయన ఆ ముక్కలు అరచేతిలో వేసుకొని నా ముఖం చూసినాడు. కొడతాడనుకొన్నాను. కొట్టలేదు.

"ఇది చీలనా?"

నేను మాట్లాడలేదు.

"ఈ చక్రం మీద ఎవరు పడుకోనుండారో పొయ్యి చూసిరా."

పోయి చూశాను. చెల్లెలు పాట విని విని నిద్రపోయింది. చాప చుట్టను తలగడ చేసుకొని, సరిగ్గా ఎడమ చక్రం పైన.

నాయన ట్రెయిలరు కింద రాళ్ళు పెట్టి, ట్రాక్టరు విప్పుకొని, కాలిన బేరింగులు గుడ్డలో కట్టుకొని కుప్పం పోయినాడు. మేము నలుగురం చెట్టు కింద కూర్చొన్నాము. వడలకని అవ్వ రాత్రే 5 కిలోల ఉద్దిపప్పు నానబెట్టింది. ఆ ఎండకు మధ్యాహ్నానికే వాసన వచ్చేసింది. అవ్వ ఒక్క మాట కూడా అనకుండా దాన్ని తీసుకుపోయి, పక్క చేలో కట్టేసి ఉన్న ఆవుల ముందు కొంచెం కొంచెంగా పోసి వచ్చింది. అది చూడటం కంటే తిట్లు తినడమే నయం.

సాయంత్రం నాయన వెంట ఒక మెకానిక్కు వచ్చినాడు. వయసులో పెద్దాయన. హబ్బు చూసి, "చీల లేకుండా ఎట్లా తోలినావన్నా? ఎవరు బిగించినారు దీన్ని?" అని అడిగినాడు.

నాయన నా పక్క చూడలేదు. "నేనే. తొందరలో మరిచిపొయ్యినా" అన్నాడు.

"ఇన్నేండ్లుగా బండి తోలేవాడివి, పిల్లలను ఎక్కించుకొని చేసే పనేనా ఇది?" అని ఆయన గట్టిగానే చీవాట్లు పెట్టినాడు. నాయన తల వంచుకొని వింటున్నాడు. నేను ఆయన పక్కనే టార్చి పట్టుకొని నిలబడ్డాను. "నేనే చేశాను" అనాలి. రెండే మాటలు. అనలేదు. క్లాసులో నేను చెప్పని భాగం ఇదే. కంబి సంగతి చెప్పాను గాని, నా తప్పుకు నాయన మాటలు పడుతుంటే నేను నోరు మూసుకొని ఉన్నానని చెప్పలేదు. ఈ రోజు రాస్తున్నాను.

ఆయన మాటలు కఠినం గాని మనిషి మంచివాడు. పని చేస్తూ అన్నీ చెప్పినాడు. "ఎడమ చక్రం ముందుకు తిరిగేటప్పుడు నట్టును విప్పే వైపే తిరుగుతుంది. అందుకే చీల ముఖ్యం" అన్నాడు. నట్టు ఎట్లా బిగించాలో నా చేతనే చేయించినాడు. చక్రం తిప్పుతూ బిగించాలి, బేరింగు సర్దుకొన్నాక కొంచెం వదులు చేయాలి. మరీ బిగిస్తే కాలుతుంది, మరీ వదిలితే ఊగుతుంది. ఒకసారి తీసిన చీల మళ్ళీ వాడకూడదు.

అంతటితో అయిపోలేదు. ఆయన టార్చి తీసుకొని బండి కిందికి దూరినాడు. "నీళ్ళ డ్రమ్ము ఎక్కడ పెడతారన్నా?" అని అడిగినాడు. మేము ఆశ్చర్యపోయాము. 200 లీటర్ల డ్రమ్ము ఎప్పుడూ వెనక ఎడమ మూలే పెడతాము. కింద పడుకొని చూడమని నన్ను పిలిచినాడు. ఎడమ పక్క కమాన్‌లో మూడో పట్టీ అడ్డంగా పగిలి ఉంది. పగులు దగ్గర తుప్పు రంగు పొడి. పట్టీలను ఇరుసుకు కట్టి ఉంచే యూ బోల్టులు వదులైనాయి. పట్టీలు జరిగిన చోట ఇనుము తళతళ మెరుస్తోంది. అన్ని పట్టీలనూ కలిపి గుచ్చిన సెంటర్ బోల్టు తెగిపోయింది. ఒక తాడు తీసుకొని ట్రాక్టరుకు తగిలించే చోటి నుంచి ఇరుసు కుడి కొసకు కొలిచినాడు. అదే తాడు ఎడమ కొసకు పెడితే రెండు వేళ్ళంత చాలలేదు. అంటే ఇరుసు ఎడమ పక్క వెనక్కి జరిగింది. అందుకే ఆ పక్క టైరు ఒకే వైపు అరిగిపోతోంది. మేమేమో టైరు మంచిది కాదు అనుకొని అంగడివాణ్ణి తిట్టుకొనేవాళ్ళము.

ఇక్కడే మా టీచరు ప్రశ్నకు నా జవాబు. బేరింగులో ఘర్షణ పెరిగితే చక్రం కాలిపోతుంది, అక్కడ అది శత్రువు. అదే కమాన్‌లో బండి గుంతలో పడినప్పుడు పట్టీలు వంగి, ఒకదాని మీద ఒకటి జారుతూ రాసుకొంటాయి. ఆ రాపిడే ఎగురుడును అణచివేస్తుంది. మా బండికి షాకబ్జార్బర్లు లేవు. పట్టీల మధ్య ఘర్షణే లేకపోతే బండి బంతి మాదిరి ఎగురుతూనే ఉంటుంది. ఒకే బండిలో, జానెడు దూరంలో, ఘర్షణ శత్రువూ మిత్రుడూ రెండూ. దాన్ని ఎక్కడ ఉంచాలో అక్కడ ఉంచడమే మన పని.

మరుసటి రోజు పట్టీ మార్చి, బోల్టులు బిగించేసరికి జాతరలో ముఖ్యమైన రోజు గడిచిపోయింది. చివరి రోజు ఒక్కటే వ్యాపారం చేశాము. వచ్చినదంతా బేరింగులకు, పట్టీకి చేసిన అప్పుకే సరిపోయింది. ఈ ఏడు నాకు కొత్త బ్యాగు కొంటానని నాయన అన్నాడు. నేను అడగలేదు, ఆయనా ఎత్తలేదు. పాత బ్యాగుకు అమ్మ జిప్పు మార్పించింది.

ఇంటికి వచ్చిన రాత్రి తాతకు అంతా చెప్పాను. నాయన మాటలు పడింది కూడా చెప్పాను. తాత చాలాసేపు ఊరుకొని, "అది మీ నాయనకు చెప్పు, నాకు కాదు" అన్నాడు. చెప్పడానికి నాకు వారం పట్టింది. ఆవులకు నీళ్ళు పెడుతూ చెప్పాను. "ఆ మెకానిక్కు ముందు నేనే చేశానని చెప్పి ఉండాల్సింది నాయనా." ఆయన బక్కెట్టు దించి, "చక్రం పాడేటప్పుడే చెప్పి ఉండాల్సింది" అన్నాడు. అంతే. నిజం. నా రెండో మౌనం వల్ల నాయనకు చీవాట్లు వచ్చినాయి. మొదటి మౌనం వల్ల చెల్లెలు ఏమై ఉండేదో!

నాలాగే మీలో చాలామంది ఇండ్లలో ట్రెయిలర్లు ఉన్నాయి. మీ నాయనల దగ్గర ఇవి అడిగి తెలుసుకోండి. బరువు రెండు పక్కలా సమానంగా వేయాలి. వెనక ఎక్కువ వేస్తే బండి తోక ఊపుతుంది. కారు వెనక లాగే ట్రెయిలర్లలో మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్ళు ముందు కొక్కెం మీద పడాలని లెక్క ఉందని కంప్యూటరు సారు చెప్పారు. బండి ఆపినప్పుడల్లా హబ్బులు తాకి చూడాలి. యూ బోల్టులు అప్పుడప్పుడు బిగించాలి. టైరు ఒక పక్కే అరిగితే టైరును తిట్టక ముందు ఇరుసు కొలవాలి. అన్నిటికంటే ముందు, మనుషులు బస్సులో పోవాలి. ఇప్పుడు మా అమ్మ, అవ్వ, చెల్లెలు బస్సులోనే వస్తారు. డ్రమ్ము బదులు నాలుగు చిన్న క్యాన్లు పెట్టుకొన్నాము.

పోగొట్టుకొన్న చీల జూన్‌లో దొరికింది. గడ్డి వామి తీసేటప్పుడు అవ్వ పొరకకు తగిలిందంట. అది ఇప్పుడు నా జామెట్రీ బాక్సులో ఉంది.

మొన్న పోయిన ఆదివారం, ఈ ఏడు తేరుకు ముందు, మళ్ళీ చక్రాలు విప్పినాము. ఎడమ చక్రం నన్నే బిగించమన్నాడు నాయన. ముందే నాలుగు కొత్త చీలలు తెచ్చి గిన్నెలో పెట్టుకొన్నాను. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కొంచెం వదిలి, చీల దూర్చి, కాళ్ళు వంచాను. మూత వేయకుండా నాయనను పిలిచాను. "వచ్చి చూడు నాయనా."

ఆయన కుడి పక్క నుంచి తల ఎత్తలేదు.

"నువ్వు చూసినావు కదా. మూత వెయ్యి."